ఇంకా ముదరలా

మా ఆయన చూపు ఎందుకు పోతోందో అల్లూరు బజారులో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. మిగతా అందరికీ తెలుసు. అడగకపోయినా చెప్పేవాళ్ళు.

మేము దూదేకులవాళ్ళం. దూది ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికే ఇల్లు మాది. అందుకని ఎవరికైనా మొదట దూది మీదే అనుమానం. పాత పరుపు విప్పి మళ్ళీ కుట్టించుకోడానికి వచ్చిన ఆదిశేషమ్మ మా అరుగు మీద కూర్చుని, "నలభై ఏళ్ళ నించీ కళ్ళల్లో దూదినలుసులు పడతా ఉంటే చూపు పోకుండా ఏమైతాది బడేబీ?" అంది. వాళ్ళది వ్యవసాయం. ఆమె మొగుడు పుట్టి బుద్ధెరిగి దూది ఏకినవాడు కాదు, ఆయనకూ చూపు మందగించింది. "మరి మీ ఆయన కళ్ళల్లో ఏం నలుసులు పడినాయి?" అని అడిగాను. ఆమెకు కోపం వచ్చి, పరుపు కుట్టడం అయిపోయినా రెండు వారాలు మా గడప తొక్కలేదు.

దూది కాదన్నవాళ్ళు చుట్ట అన్నారు. చుట్ట కాదన్నవాళ్ళు సముద్రం మీది ఉప్పుగాలి అన్నారు. ఎండుచేపల వేడి అని ఒకరు, తలకు నూనె పెట్టకపోవడం అని ఒకరు, హాస్టలుకు నలభై పరుపులు కుట్టినప్పుడు తగిలిన దిష్టి అని ఒకరు. మా అబ్బాయి కరీముల్లా అయితే దూదేకే విల్లు కింద పెట్టకుండానే, "వయసమ్మా. వయసొస్తే పోతాయి" అని తేల్చేశాడు. వాడి మాట వింటే నాకు ఒళ్ళు మండేది. కారణం ఏదైతే నాకెందుకు? నేను అడిగిందల్లా ఒక్కటే. ఆయన్ని ఒకసారి నెల్లూరు తీసుకుపోయి కళ్ళ డాక్టరుకు చూపించండిరా, ఉన్న చూపైనా నిలుస్తుందేమో అని. ఆ ఒక్కటే ఎవరికీ చెవికెక్కలేదు.

చెవికెక్కకుండా చేసింది మా బావ దరియావలి, మా ఆయనకు అన్న. 1958లో ఆయనకు రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. మొదటిసారి పోయినప్పుడు, శుక్లం ఇంకా ముదరలేదు, వచ్చే చలికాలం రమ్మని పంపేశారు. రెండో ఏడూ అదే మాట. మూడో ఏడు కంటిపాపలు రెండూ తెల్లబడిపోయి, గోడ పట్టుకుని నడిచే స్థితిలో పోతే అప్పుడు కోశారు. వారం రోజులు తల కదలకుండా పడుకోబెట్టి, సీసా అడుగంత మందం అద్దాలు పెట్టి ఇంటికి పంపించారు. మా బావకు చూపు వచ్చింది. ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు, ఆ రోజుల్లో శుక్లాన్ని అట్లాగే ముదరనిచ్చి తీసేవాళ్ళు. కాకపోతే ఆ రోజు నుంచీ కళ్ళ విషయంలో ఊరికంతా ఆయనే పెద్దదిక్కు అయి కూర్చున్నాడు.

మా ఆయన పేరు సైదావలి. మొగుడి పేరు పలకకూడదంటారు గానీ, ఆ మర్యాదలన్నీ పాటించే ఓపిక నాకిప్పుడు లేదు. 1961లో ఆయనకు ఎడమ కన్ను మసకేసింది. వెంటనే మా బావ వచ్చి, ఆయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి తీర్పు చెప్పాడు.

"శుక్లమేరా. ఇప్పుడే మొదలైనాది. ముదరాలా. కంటిపాపలో ఏకిన దూది మాదిరి తెల్లగా రావాలా. అందాకా నెల్లూరు మొహం చూడబాక. పోతే నన్ను పంపించినట్టే నిన్నూ పంపించేస్తారు."

అంతే, మా ఇంట్లో కొత్త ఆచారం మొదలైంది. ప్రతి శుక్రవారం మసీదు నుంచి రాగానే, టోపీ అయినా తియ్యకుండా గడప దగ్గర వెలుతురులో పీట వేసుకుని కూర్చునేవాడు. ఎడమ కన్ను రెండు వేళ్ళతో విప్పి పట్టుకునేవాడు.

"చూడుమే. తెల్లగా వచ్చిందా?"

నేను పొయ్యి దగ్గర పని వదిలేసి వచ్చి వంగి చూసేదాన్ని. కంటిపాప నల్లగా నిగనిగలాడుతూ, పెళ్ళికొడుకు కన్నులాగా ఉండేది.

"రాలా."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూసినా. రాలా, రాలా, రాలా!"

"నమాజు చేసుకోని వచ్చినా. శుక్రవారం పూట అబద్ధం చెప్పబాక."

"నీ కంట్లో తెలుపు లేదని చెప్పటానికి నేను అబద్ధమాడాల్నా?"

ఆయన నిట్టూర్చి, "ఇంకా ముదరలా" అని లేచి అన్నానికి కూర్చునేవాడు. అక్కడితో ఆ వారానికి కళ్ళ సంగతి ముగిసిపోయేది.

ఇంట్లో ఆయనతో పాటు మసిలేదాన్ని నేను. నాకు వేరే సంగతులు కనపడుతున్నాయి. దబ్బనంలో దారం ఒక్క విసురుకు ఎక్కించేవాడు. పరుపు అంచున కుట్టు వంకర పోయేది కాదు. కానీ పక్కన నిలబడ్డ మనిషి కనపడేవాడు కాదు. బడిలో పాఠాలు చెప్పే జీవానందం మాస్టారు ఒకరోజు మా అరుగు దగ్గర ఆగి, "సైదావలికి ఈ మధ్య బాగా పొగరెక్కినట్టుండాదే. నమస్కారం పెడితే మొహం చూడకుండా పోతా ఉండాడు" అని నా దగ్గర నిష్టూరమాడాడు. ఎడమ పక్కన పెట్టిన మంచినీళ్ళ చెంబును రోజూ తన్నేవాడు. తన్ని, అక్కడెందుకు పెట్టావని నన్నే తిట్టేవాడు. సరే గదా అని చెంబు కుడి పక్కన పెట్టడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అక్కడా తన్నాడు.

పరుగున పోయి మా బావతో చెప్పాను.

"ముందరది కనపడతా ఉండాది బావా. పక్కది కనపడలా. కుడి కంటికి గూడా వస్తా ఉండాది. ఇదేం శుక్లం?"

"మనిషికో తీరు బడేబీ. నాకు పక్కదీ కనపడలా, ముందరదీ కనపడలా."

"అదే నేనూ చెప్తా ఉండేది. నీది వేరు, ఈయనది వేరు."

"కళ్ళు కోయించుకున్నది నువ్వా, నేనా?"

ఇంకో నెలకు, సాయంత్రం లాంతరు వెలిగిస్తే దాని చుట్టూ రంగులు గుండ్రంగా కనపడుతున్నాయన్నాడు మా ఆయన. కనుబొమ్మల మీద బరువు పెట్టినట్టు తలనొప్పి అన్నాడు. దానికీ మా బావ దగ్గర మాట సిద్ధంగా ఉంది. ముదరబోయే ముందు అట్నే ఉంటుందట! ఆ కళ్ళద్దాలు పీకి బావిలో పారెయ్యాలనిపించింది నాకు. పెద్దాయన, పైగా బావ. నోరు మూసుకుని ఇంటికొచ్చి నా కోపమంతా గిన్నెల మీద చూపించాను.

ఈలోగా వైద్యాలు మాత్రం జరిగిపోతూనే ఉన్నాయి. కంట్లో తేనె వేయించుకున్నాడు. ఉల్లిపాయ రసం పిండించుకుని గంటసేపు గంతులేశాడు. ఎవరు ఏం చెప్తే అది చేశాడు. వాటిలో ఏదీ నెల్లూరు బస్సు ఎక్కమనదు గదా, అందుకని.

1962 చలికాలంలో నేనే మూట కట్టాను. రెండు పంచెలు, దుప్పటి, చెంబు, ఇంత చింతకాయ పచ్చడి. బస్సు వేళకు మూట తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"కన్ను నల్లగానే ఉండాదని నువ్వే గదా చెప్పినావు మొన్న శుక్రవారం?" అన్నాడు.

"చెప్పినా. నల్లగా ఉండాది, చూపు పోతా ఉండాది. అదేందో డాక్టర్ని అడగతాం పదా."

"పోతే ఏమంటాడు? ముదరలేదు, పో అంటాడు. మా అన్న రెండుమార్లు ఉత్తచేతులతో తిరిగొస్తే బజారంతా నవ్వినారు. నేను పోను."

"నీ కళ్ళకంటే నీకు బజారోళ్ళ నవ్వు ఎక్కువైపోయిందా?"

"ముదరనియ్యి, పోతాను. నీ నోటితోనే చెప్తువు గదా ముదిరిన రోజు."

నేను గడ్డం పట్టుకుని బతిమాలాను. తిట్టాను. ఒక పూట అన్నం వండకుండా పడుకున్నాను. కరీముల్లాను పంపితే వాడు తండ్రి దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని, హాస్టలు పరుపుల గురించి మాట్లాడి లేచి వచ్చాడు. చలికాలం దాటిపోయింది. ఎండల్లో కన్ను కోస్తే చీము పడుతుందని మా వైపు అందరికీ భయం, కాబట్టి ఇంకో ఏడాది గడిచిపోయినట్టే. మూట విప్పి పంచెలు మళ్ళీ పెట్టెలో పెట్టాను.

ఆ ఏడాదంతా శుక్రవారాలు వస్తూనే ఉన్నాయి. వచ్చిందా అని ఆయన అడగడం, రాలా అని నేను అరవడం. ఆయన అడిగే కొద్దీ నా గొంతు పెరిగింది. ఒక్కోసారి ఆయన పీట మీద కూర్చోకముందే వంటింట్లోంచి "రాలా!" అని కేకేసేదాన్ని.

1963లో వానలు వెనకబట్టాక ఎరువుబండి ఒకటి ఆయన్ని గుద్దింది. ఎదురుగా వచ్చి కాదు, ఎడమవైపు సందులోంచి వచ్చి. బండివాడు అరుస్తూనే ఉన్నాడట, ఈయన తిన్నగా పోయి ఎద్దు మీద పడ్డాడట. కాడి భుజానికి కొట్టుకుని చెయ్యి పైకి లేవకుండా అయింది. కరీముల్లా భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. నేను వేడినీళ్ళల్లో గుడ్డ ముంచి కాపడం పెడుతుంటే, "ఆ బండోడికి కళ్ళు కనపడవు. వాడి చేతికి బండెవరిచ్చినారు?" అన్నాడు మా ఆయన. నేను ఆ గుడ్డ నీళ్ళల్లో విసిరికొట్టి లేచిపోయాను.

దొడ్లోకి పోయి నిలబడ్డాను. ఇవాళ ఎద్దు కాబట్టి భుజంతో పోయింది. రేపు బస్సు అయితే? ఆ ఆలోచన రాగానే నాకు ఏడుపు ఆగలేదు.

మూడు రోజులకు శుక్రవారం వచ్చింది. చెయ్యి మెడకు కట్టుకునే మసీదుకు పోయి వచ్చి పీట మీద కూర్చున్నాడు. మంచి చేత్తో కన్ను విప్పి పట్టుకున్నాడు.

"చూడుమే. వచ్చిందా?"

చూశాను. నల్లగానే ఉంది.

"వచ్చింది," అన్నాను.

ఆయన చెయ్యి జారిపోయింది. "ఏంది?"

"వచ్చిందంటా ఉండా గదా. తెల్లగా. ఏకిన దూది మాదిరి."

"అల్లా!" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూడలేక పక్కకు తిరిగాను. సంతోషం ఆపుకోలేక, "అన్నను పిలిపియ్యి, అన్న చూడాలా" అన్నాడు. ఆ ముసలాయన వచ్చి లేదన్నాడంటే నేను చేసిందంతా బూడిదలో పోసినట్టే.

మా బావ వచ్చాడు. తమ్ముణ్ణి వెలుతురు వైపు తిప్పాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి ఎత్తి చూశాడు, దించి చూశాడు. ముక్కు ముక్కు తగిలేంత దగ్గరకు వంగి చాలాసేపు చూశాడు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

"ఊ," అన్నాడు చివరికి. "వచ్చింది. నేను పోయిన వారమే అనుకున్నా."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఆ అద్దాల వెనక ఆయనకు నిజంగానే తెలుపు కనపడిందో, లేక తనకంటే ముందు ఒక ఆడది కనిపెట్టిందంటే పరువు పోతుందనుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏదైతేనేం, సోమవారం పొద్దున బస్సుకు ప్రయాణం ఖాయమైంది.

బస్సులో మా ఆయన మాట్లాడినంతగా పెళ్ళయిన కొత్తలో కూడా మాట్లాడలేదు. ఆపరేషన్ అయినాక వారం రోజులు కదలకూడదట, జావ మాత్రమే తాగాలట, అన్నకు పెట్టినట్టే అద్దాలు పెడతారట. కోవూరు దాకా అదే మాట. పెన్న వంతెన మీదికి బస్సు ఎక్కినప్పుడు, "ఈసారి తిరిగొచ్చేటప్పుడు ఏట్లో నీళ్ళు చూస్తాను" అన్నాడు. వెనక సీట్లో ఉన్న కరీముల్లా నవ్వాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. డాక్టరు చూడగానే నా అబద్ధం బయటపడుతుంది. పడితే పడనీ, మనిషి డాక్టరు ముందు కూర్చుంటే చాలు అనుకున్నాను.

కళ్ళ డాక్టరు మా కరీముల్లా వయసువాడు. ముందు కంట్లో మందుచుక్క వేసి, పడుకోబెట్టి, చిన్న తూకంలాంటి వస్తువు కన్ను మీద నిలబెట్టి చూశాడు. చిన్న దీపం పట్టుకుని ఒక్కో కంట్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి, ఎడమ కన్ను మూసి, "కుడి కన్నుతో నా ముక్కు వైపే చూడండి పెద్దాయనా. పక్క నుంచి నా వేలు వస్తుంది. కనపడగానే చెప్పండి" అన్నాడు.

డాక్టరు వేలు మా ఆయన చెవి పక్క నుంచి బయలుదేరింది. మెల్లగా కణత దగ్గరికి వచ్చింది. చెంప దాటింది. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కనపడుతోంది, పక్కనున్న కరీముల్లాకు కనపడుతోంది. వేలు ఇంచుమించు డాక్టరు ముక్కు దగ్గరికి వచ్చేసింది. మా ఆయన బుద్ధిగా కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు మొదలుపెడతారయ్యా?" అని అడిగాడు.

కరీముల్లా తల దించుకున్నాడు. నేను గోడకు ఆనుకున్నాను.

డాక్టరు చెయ్యి దించి, "ఎన్నాళ్ళ నుంచి ఇట్లా ఉంది?" అన్నాడు.

"మూడు సంవత్సరాలయ్యా. ముదరాలని ఆగినాం. ఇప్పుడు తెల్లగా వచ్చింది, మా ఇంటిదే చూసింది."

డాక్టరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ఆ మనిషి మంచివాడు, దాని గురించి ఏమీ అనలేదు.

"ఇది శుక్లం కాదు పెద్దాయనా. దీన్ని నీటికాసులు అంటారు. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా లేక లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి కంటి వెనక నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చూపు పక్కల నుంచి పోతూ వస్తుంది. కంటిపాప మాత్రం నల్లగానే ఉంటుంది. మీరు ఇంకో పదేళ్ళు కూర్చున్నా తెల్లబడదు."

"అయితే కొయ్యరా?"

"ఎడమ కన్ను కోసి లాభం లేదు. శుక్లం అయితే తీసేస్తే చూపు వస్తుంది. ఇది పోతే పోయినట్టే. కుడి కంట్లో కొంచెం మిగిలింది. ఆపరేషన్ చేసి, రోజూ చుక్కలు వేసుకుంటూ ఉంటే ఆ మిగిలింది నిలవొచ్చు. కొత్తగా ఏమీ రాదు. ఇవాళే చేరండి."

నాకు ఉండబట్టలేదు. "ఇది దేనివల్ల వచ్చిందయ్యా? దూదివల్లా? చుట్టవల్లా?"

"రెండూ కాదమ్మా. ఎందుకొస్తుందో మాకే పూర్తిగా తెలియదు. నలభై దాటితే వస్తుంది, కొన్ని ఇళ్ళల్లో ఎక్కువగా వస్తుంది. మీ అబ్బాయి కూడా ఏడాదికొకసారి చూపించుకోవాలి, ఈయన అన్నదమ్ములు కూడా. కారణం తెలియకపోయినా ఫర్వాలేదు, పెందలాడే వస్తే చాలు. రెండేళ్ళ ముందు వచ్చుంటే రెండు కళ్ళూ దక్కేవి."

కరీముల్లా కాగితాలు రాయించడానికి పోయాడు. మేమిద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం.

"తెల్లగా వచ్చిందన్నావే," అన్నాడు.

"అబద్ధం చెప్పినా."

అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండుననుకున్నాను. మూడేళ్ళుగా నా దగ్గర మాటలు మూటలు మూటలుగా ఉన్నాయి, అన్నీ ఆయన మొహాన పారబోద్దామని కాచుకుని ఉన్నాను.

"ఎందుకు చెప్పినావు?"

"నువ్వు కదలాలని."

"కదిలినా గదా," అన్నాడు. నేను ఆయన ఎడమ పక్కన ఉన్నాను. నన్ను చూడటానికి మెడ పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. "మరి పోయిన సంవత్సరం ఎందుకు చెప్పలా?"

తిట్టలేదు. ఊరికే అడిగాడు.

శుక్రవారం పూట అబద్ధం చెప్పొద్దన్నది నువ్వే గదా అని నాలుక చివరి దాకా వచ్చింది. కానీ నేను ఆ అబద్ధం ఆడకుండా ఉన్నది అందుకు కాదని నాకు తెలుసు. రాలా అని చెప్పిన ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది. మీ అన్నదమ్ముల తెలివి ఇంతే, చూడండి, తెల్లబడలేదు, నేను చెప్పిందే నిజం అని ఆయన మొహాన కొట్టినట్టు ఉండేది. నేను రాలా అన్న ప్రతిసారీ ఆయన ఇంకో వారం ఇంట్లో కూర్చున్నాడు. నూరు శుక్రవారాలకు పైగా నేనే ఆయన్ని కూర్చోబెట్టాను. నా కోపం నాకు అంత తీపి అయిపోయి, ఆ ఒక్క మాట తిప్పి చెప్తే మనిషి కదులుతాడన్న సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

"నాకు తోచలేదయ్యా," అన్నాను. మూడేళ్ళలో నేను ఆయనతో గొంతు తగ్గించి అన్న మొదటి మాట అదే.

లోపలి నుంచి నర్సు ఆయన పేరు పిలిచింది. ఆయన లేచి, నా చెయ్యి కోసం పక్కన గాలిలో తడుముకున్నాడు. నేను లేచి చుట్టూ తిరిగి, ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాను, కనపడేటట్టు.